శేషన్న కొట్టు మీద చౌడు

మే 11

కొత్త లాంగ్ నోట్‌బుక్. పాతది నిండిపోయింది, సగం తిట్లతోనే.

పది నుంచి కరెంటు లేదు. ప్రభాకర్ సార్ మూడు ప్లాన్లు బల్ల మీద పడేసి పోయారు — "సాయంత్రానికి సంతకాలు కావల్ల గిరిజా." చూడ్డానికా, సంతకానికేనా అని అడిగాను. నవ్వారు. బోర్డు మీద పేరు ఆయనది, లైసెన్సు నాది. ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండిపోతుంది.

అన్నం ముందు కూర్చున్నానో లేదో ఖాజా మేస్త్రి ఫోను. ఓర్వకల్లు దగ్గర శేషన్న ఎరువుల కొట్టు — నాలుగేళ్ల కింద నేను డిజైన్ చేసిందే, ఖాజా కట్టిందే — స్లాబు కారుతోందట. "శేషన్న చౌడు పోయమంటాండాడు మేడం. ముందర పోర్టికో మీద గూడా. పోయొచ్చునా?" కాంక్రీటు స్లాబు మీద చౌడు! మట్టి మిద్దె అనుకుంటున్నారు. ఈ జనం మారరు. ఊ, కానీ, అన్నాను. పెట్టేశాను.

అప్పటికే పప్పు చల్లారిపోయింది.

మే 12

ఆ మూడు ప్లాన్లలో రెండు చూశాను. మూడోది చూడకుండానే సంతకం పెట్టాను. ఎవరి మీద కోప్పడాలి ఇప్పుడు?

మే 24

అమ్మ ఫోను. పత్తికొండ ఎండ గురించి అరగంట. తర్వాత అసలు సంగతి — "మిద్దెకు చౌడు పోపిచ్చినా. కూలోళ్లు మందంగా పోస్తాండ్రి, తిట్టి తీపిచ్చినా. నాలుగేళ్ల మందం జాలు."

నాలుగు వేళ్లు. చిన్నప్పుడు నేనూ గంపతో మోసేదాన్ని. వంకలో తవ్వుకొచ్చిన ఉప్పుమన్ను, తెల్లగా, పిండిలాగా ఉండేది. ఏటా వానలకు ముందు మిద్దె మీద పరచాలి, లేకపోతే ఇల్లంతా చెంబులూ గిన్నెలూ పెట్టుకుని కూర్చోవాలి. పరిచాక అమ్మ చెయ్యి అడ్డంగా గుచ్చి కొలిచేది. ఎక్కువైతే దూలాలు మొయ్యవని.

చదువు లేని మనిషి. లోడు లెక్క మాత్రం తెలుసు.

జూన్ 6

వాన. తెల్లవారుజాము నుంచి ఆగకుండా. వరండాలో నిలబడి తడిశాను. సంతోషంగా ఉంది... చాలా రోజుల తర్వాత.

జూన్ 7

శేషన్న కొట్టు పోర్టికో పడిపోయింది.

పొద్దున ఏడున్నరకి. కింద ఒక మనిషి ఉంది. సుంకమ్మ అట. కూలికి పోతూ వానకి ఆగిందట. బతికే ఉంది. నడుము దగ్గర ఎముక విరిగింది, కుడి కాలు కూడా. కర్నూలు పెద్దాసుపత్రికి తెచ్చారు.

నా డిజైన్ పడిపోవడం ఏమిటి? పడదు. పడే పని కాదు.

జూన్ 8

పోయి చూశాను. ముందు కోపం రాలేదు.

స్తంభాల్లేని పోర్టికో స్లాబు గోడ అంచు దగ్గర విరిగి, కడ్డీల మీద వేలాడుతోంది, తల వంచేసినట్టు. కడ్డీలు పైనే ఉన్నాయి, ఎక్కడ ఉండాలో అక్కడే. కాంక్రీటు గట్టిగా ఉంది. ఖాజా పనిలో వంక లేదు. నా లెక్కలోనూ లేదు. ఆ మాట అనుకున్నప్పుడు ఊపిరి వచ్చింది, సిగ్గు లేకుండా.

గోడవైపు విరగకుండా మిగిలిన ముక్క మీద చౌడు అట్లాగే ఉంది. టేపు పెట్టాను. అడుగు మీద రెండంగుళాలు. నీళ్లు పోయే గొట్టం మూతి చౌడుతో పూడిపోయి ఉంది. అంటే వాన నీళ్లన్నీ ఆ మన్నే తాగింది. కొలతలూ లెక్కా ఈ పుస్తకంలోనే వెనకవైపు చివరి కాగితం మీద వేశాను. చదరపు మీటరుకు అరటన్ను పైమాటే. నేను ఆ స్లాబుకి వేసింది ఎప్పుడైనా ఒకరిద్దరు ఎక్కి దిగే బరువు. అంతే.

"అడుగెందుకు పోశారు?" అని అరిచాను. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగారు.

ఖాజా నేల చూస్తూ — "కాంక్రీటు గదా మేడం, మట్టి మిద్దె మాదిరి గాదు, ఎంతైనా మోస్తాదనుకుంటిమి."

శేషన్న తెల్ల చొక్కా నలగకుండా కుర్చీలో కూర్చుని — "నేను కారుతాండాదని చెప్పినా. అంతే. చౌడు పోయమని నేను యాడ చెప్పినాను? మేస్త్రి సొంత తెలివి."

ఖాజా నోరు తెరవలేదు. నా వైపు కూడా చూడలేదు.

ఫోను సంగతి నాకు అప్పుడే గుర్తొచ్చింది. టేపు చేతిలో ఉంది. చుట్టేసుకుని కారెక్కాను.

జూన్ 9

శేషన్న జేసీబీ పెట్టి అంతా ఎత్తించేశాడట. చౌడు, ముక్కలు, కడ్డీలు — ఏమీ లేవు. "జనం రాకపోకలకు అడ్డం" అట. ఎంత శ్రద్ధ జనం మీద!

జూన్ 10

ఖాజా మీద కేసు. ఒక్క ఖాజా మీదనే. నిర్లక్ష్యంగా బరువు వేసి మనిషి ప్రాణం మీదికి తెచ్చాడని. స్టేషన్లో రెండు రోజులు కూర్చోబెట్టి పంపారు. శేషన్న పేరు లేదు, మా ఆఫీసు పేరు లేదు. గంపలు మోయించినోడు దొరికాడు, ఇంక ఎవరు కావాలి!

26న విచారణ. అధికారి నన్నూ పిలిచాడు. ప్లాన్, డిజైన్, రాతపూర్వకంగా వివరణ.

సార్ అప్పటికే వివరణ టైపు చేయించి పెట్టారు. ఒకే పేజీ. నా సంతకానికి చోటు వదిలి. నాలుగో వాక్యం దగ్గర ఆగిపోయాను — "యజమాని తరఫు మేస్త్రి మమ్మల్ని సంప్రదించకుండా అదనపు బరువు వేసినందున..."

మమ్మల్ని సంప్రదించకుండా.

"రేపు చూస్తాను సార్" అన్నాను. మొదటిసారి నా సంతకం కోసం ఆయన ఎదురు చూస్తున్నారు.

జూన్ 12

ఆసుపత్రికి పోయాను. ఎందుకు పోయానో. సుంకమ్మకి యాభై ఉంటాయి. కాలికి బరువు కట్టి వేలాడదీశారు. నేనెవరో చెప్పాను — ఆ పోర్టికోకి లెక్క వేసిన ఇంజనీరుని అని.

నన్ను పైనుంచి కిందికి చూసింది. జాలి లేదు, దండం లేదు. బాగుంది, నాకు అదే కావాలి.

"ఆ చౌడు నేనే మోసినా. మూడు దినాలు. నా తల మీద మోసిందే తిరిగొచ్చి నా మీదనే పడె." కట్టిన కాలు చూసుకుని — "పోసేటప్పుడే అంటిమి, ఇంత మందమా అని. ఇంజనీరమ్మను అడిగినాం లే అని ఖాజా అనె. అడిగినాడా?"

పక్క మంచం ఆమె కూడా నా వైపు తిరిగింది.

పళ్లు పెట్టి వచ్చేశాను. మెట్లు దిగుతుంటే నా మీద నాకు పుట్టిన అసహ్యం... రాయలేను.

జూన్ 15

కడప. పొద్దున ఆరు బస్సు, ఆళ్లగడ్డ దాకా నిలబడే. ప్రసాదన్న ఇంటికి. పెదనాన్న కొడుకు, వకీలు. చిన్నప్పుడు లెక్కలు చెబుతూ మొట్టికాయలు వేసేవాడు. ఈరోజూ అదే పని చేశాడు, చెయ్యి ఎత్తకుండా.

"ఇంజనీరంటే దేవుడు గాదుమే. కట్టింది పడిపోతానే నీదే తప్పని ఏ కోర్టూ అనదు. నీ పని చేసే మామూలు ఇంజనీరు ఎంత జాగ్రత్తగా ఉంటాడో అంత జాగ్రత్తగా ఉంటివా లేదా, అదే చూస్తారు."

అయితే నేను బయటపడ్డట్టే కదా అన్నాను. డిజైన్ సరిగ్గా ఉంది, పని సరిగ్గా ఉంది, కాంక్రీటు మీద అడుగు చౌడు పోస్తారని ఏ ఇంజనీరు ఊహిస్తాడు?

"యాడి ఇంజనీరు? ఢిల్లీ వానికి చౌడంటే ఏందో తెలీదు. వాన్ని అడగరు. ఈడ పుట్టి ఈడ పని చేసేదానివి నువ్వు. మిద్దె కారితే ఈ జనం ఏం పోస్తారో నీకు తెలీదా? గంప మోసినదానివి గదమ్మే నువ్వు!"

వదిన కాఫీ తెచ్చింది. తాగలేదు. అడుగుతూనే ఉన్నాను, పిచ్చిదానిలాగా. ఆ ఫోను మాటకి నేను ఫీజు తీసుకోలేదు కదా? — "నీ మాట నమ్మి పని చేస్తాడని తెలిసి చెప్తివి. ఊరికే చెప్పినా అది ఇంజనీరు మాటే." సుంకమ్మ నా క్లయింటు కాదు కదా? — "కప్పు కింద ఎవురు నిలబడితే వాళ్లందరి బాధ్యతా నీదే. వాననాడు ఎవురు నిలబడతారో చీటీ రాసిస్తారా నీకు?" మరి సార్? — "ఆఫీసు పనిలో నువ్వు చేసిన తప్పు ఆఫీసు మీదికీ వస్తాది. అందుకే ఆయప్ప అంత తొందరగా టైపు కొట్టించినాడు." శేషన్న? — "వానికీ వాటా ఉంటాది. ఖాజాకూ ఉంటాది, కొంచెం. ఒకరి తప్పుంటే ఇంకొకరిది మాఫీ కాదు."

అన్నీ అయ్యాక కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నెమ్మదిగా అన్నాడు — "పొరపాటు పడితే లైసెన్సు కొన్నాళ్లు పోవచ్చు, పరిహారం కట్టాల్సి రావచ్చు. నిర్లక్ష్యానికి జైలు పడాలంటే అది శానా ఘోరంగా ఉండల్ల. గానీ తెలిసి తెలిసి అబద్ధం రాసిచ్చి సంతకం పెడితే, అది పొరపాటు గాదు గిరిజా. అప్పుడు నా దగ్గరికి రావాకు."

గడప దగ్గర ఆపి ఇంకొకటి అడిగాడు. "ఫోను వచ్చినట్టు రికార్డుంటాది. ఏం మాట్లాడినారో ఉండదు. నువ్వేమన్నా రాసుకున్నావా?"

లేదు అన్నాను.

నా వకీలుకే అబద్ధం చెప్పాను. అదీ అన్నకి.

జూన్ 16

మొదటి పేజీ తీసి చదివాను. "కాంక్రీటు స్లాబు మీద చౌడు! మట్టి మిద్దె అనుకుంటున్నారు. ఈ జనం మారరు. ఊ, కానీ, అన్నాను."

తెలియక అన్నానని చెప్పుకోవడానికి కూడా లేదు. తప్పని తెలుసు. ఆశ్చర్యార్థకం కూడా పెట్టాను. ఎంత మందం అని ఒక్క మాట అడిగి ఉంటే... ఒక్కటే మాట. అమ్మ అడుగుతుంది. కూలోళ్లు అడిగారు. నేను అడగలేదు, పప్పు చల్లారిపోతోందని.

ఆ కోపం శేషన్న మీద ఎంత తిప్పినా తిరిగి నా దగ్గరికే వస్తోంది.

జూన్ 19

ఖాజా ఇంటికి పోయాను. ఆయన భార్య మంచినీళ్లు ఇచ్చి లోపలికి పోయింది.

పోలీసులకి నా ఫోను సంగతి ఎందుకు చెప్పలేదని నేరుగా అడిగాను. నా మీద గౌరవం అంటాడేమో అని భయపడ్డాను. అది విని తట్టుకోలేను.

అదేమీ కాదు. "ఇంజనీరు పేరు చెప్పిన మేస్త్రిని రేపు పనికి ఎవురు పిలుస్తారు మేడం? కర్నూల్లో మీరంతా ఒకటే. ఈ కేసు రెండేండ్లు తిరుగుతా, పోతాది. పని పోతే తిరిగి రాదు."

మీరంతా ఒకటే. కొట్టినట్టు తగిలింది. ఆ టైపు కాగితం అప్పుడు నా సంచిలోనే ఉంది.

"అడిగి చేద్దామనే గదా నేను ఫోన్ చేస్తి" అన్నాడు వాకిలి దాకా వచ్చి. "అడక్కుండా చేసినోళ్లు శానామంది ఉండారు మేడం. వాళ్లకేం కాలేదు."

ఇరవై ఏళ్లలో నాకు ఫోన్ చేసి అడిగిన మేస్త్రి ఆయనొక్కడే. ఆ ఒక్కడికీ నేను చెప్పిన జవాబు ఊ.

జూన్ 21

సార్‌తో గొడవ. గుమాస్తా బయటికి పోయాడు పాపం.

ఖాజా ఫోను సంగతి చెప్పి, నాలుగో వాక్యం తీసేయమన్నాను. తీసేస్తే కాగితంలో ఏముంటాదీ అన్నారు. నిజముంటుంది అన్నాను. నవ్వారు — మళ్లీ అదే నవ్వు.

"సంప్రదించడమంటే ఏంది గిరిజా? లెటరు రాసినాడా? మనం జవాబు రాసినామా? ఫోన్లో ఊ అంటే అది సలహానా? అది మర్యాద."

"ఆయనకది అనుమతి సార్."

"ఆ సంగతి మన ఇద్దరికి తప్ప ఎవురికి తెలుసు?"

ఖాజాకి తెలుసు, సుంకమ్మకి తెలుసు అన్నాను. వాళ్లని మనుషుల లెక్కలో వేసుకోలేదు ఆయన. నిజానికి నేను మాత్రం ఎప్పుడు వేసుకున్నాను?

"నా ముప్పై ఏండ్ల పేరు, నీ లైసెన్సు, నీ పిల్ల చదువు. ఆలోచన చెయ్యి" అని లేచిపోయారు. నా కూతురి చదువు ఎత్తినందుకు గాజు గ్లాసు గోడకేసి కొట్టాను. ఆయన పోయాకే. ఎదురుగా కొట్టే ధైర్యం లేదు.

ముక్కలు నేనే ఊడ్చాను.

జూన్ 22

అధికారి ఆఫీసు నుంచి ఫోను. స్లాబు మీద ఎంత మందం ఉండిందో తెలిపే కొలత ఎవరి దగ్గరైనా ఉందా అని. శేషన్న "రెండంగుళాలు" అని రాసిచ్చాడట. రెండంగుళాలు! అంటే నా డిజైనే చెత్త అని. అంటే ఖాజా కట్టడమే చెత్త అని.

కొలత ఉంది అన్నాను. తెస్తాను అన్నాను. పళ్లు కొరుక్కుంటూ.

జూన్ 24

పత్తికొండ. మిద్దె ఎక్కాను. అమ్మ కింద నుంచి — "జారుతావు, దిగుమ్మే!" వానకి చౌడు పెచ్చులాగా బిగుసుకుంది. చెయ్యి గుచ్చి చూశాను. నాలుగు వేళ్లు.

అమ్మకి అంతా చెప్పాను. విని చాలాసేపు బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది.

"నన్ను ఎవురన్నా అడిగింటే చెప్పేదాన్ని గదా" అంది చివరికి. ఓదారుస్తుందని వచ్చాను. ఓదార్చలేదు.

జూన్ 26

పదకొండుకి విచారణ. ఇప్పుడు ఎనిమిది.

సార్ కాగితం బల్ల మీద ఉంది, సంతకం లేకుండా. నేను రాసుకున్న వివరణ పక్కన ఉంది, అదీ సంతకం లేకుండానే. నాలుగు సార్లు రాశాను. "మేస్త్రి ఫోన్లో అడిగారు, మందం ఎంతని నేను అడగలేదు, కానీమన్నాను." రాయడానికి ఒక్క వరస. లైసెన్సు తెచ్చుకోవడానికి పట్టిన ఏళ్లు గుర్తొస్తున్నాయి.

కొలత కాగితం మాత్రం ఎట్లాగైనా ఇవ్వాలి. అది లేకపోతే శేషన్న రెండంగుళాలే నిజమవుతుంది. వెనక నుంచి చివరి కాగితం చింపబోయాను. మధ్యలో పిన్ను కొట్టిన పుస్తకం ఇది. చివరి కాగితం లాగితే మొదటి కాగితం ఊడి వస్తోంది, రెండూ ఒకే షీటు. ఒకవైపు పద్నాలుగు అంగుళాలు. ఇంకోవైపు మే 11, ఖాజా ఫోను, ఊ, కానీ.

నవ్వొచ్చింది. తర్వాత ఎంత కోపం వచ్చిందంటే పుస్తకం నేలకేసి కొట్టాను. ఎవరి మీద? పుస్తకం అమ్మినవాడి మీదా?

మడత మీద బ్లేడు పెట్టి కోస్తే సరిపోతుంది. నీట్‌గా వస్తుంది. ఎవరికీ తెలియదు. బ్లేడు తెచ్చి పెట్టుకున్నాను కూడా. అరగంట అయింది.

ఇప్పుడే ఖాజా ఫోను. బస్టాండులో ఉన్నాడట, ఆఫీసు యాడ అని అడిగాడు. చెప్పాను. పెట్టెయ్యకుండా ఆగాడు.

"మీరు వస్తాండారు గదా మేడం?"

ఊ, అన్నాను.

బ్లేడు ఇంకా బల్ల మీదే ఉంది.